నిద్రమాత్ర రాసే ముందు అడగాల్సిన ప్రశ్న

నలభై ఐదేళ్ళ ఆవిడ డాక్టరు ఎదుట కూర్చుని "రాత్రిళ్ళు నిద్ర ఉండట్లేదండీ" అంటుంది. "టెన్షన్లేమైనా ఉన్నాయా అమ్మా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. పిల్ల పెళ్ళో, పిల్లాడి ఉద్యోగమో, మామగారి డయాలసిస్సో, ఆ వయసులో ఏ ఇంట్లో ఉండవు? ఆవిడ తలూపుతుంది. చీటీ మీద అల్‌ప్రాజోలం 0.25 పడుతుంది, రాత్రికి ఒకటి. కొన్నాళ్ళకి అది 0.5 అవుతుంది. ఇంకొన్నాళ్ళకి ఆ మాత్ర లేకపోతే కన్ను మూతపడని స్థితి వస్తుంది. వేసుకున్నా తెల్లవారుజామున మెలకువ రావడం మాత్రం మానదు.

ఆ గదిలో ఒక ప్రశ్న అడగకుండానే మిగిలిపోయింది. ఎన్నింటికి మెలకువ వస్తోంది, వచ్చినప్పుడు ఒళ్ళెలా ఉంటోంది? ముట్లుడిగే వయసు దగ్గరపడుతున్న ఆడవాళ్ళలో "నిద్ర లేదు" అన్న ఒక్క మాట కింద ఐదారు వేర్వేరు కారణాలు ఉంటాయి. ఒక్కోదానికి మందు ఒక్కోటి. ఒకదానికి ఇచ్చిన మందు ఇంకోదాన్ని ముదరబెట్టే సందర్భాలూ ఉన్నాయి. అందుకే అందరికీ ఒకటే మాత్ర రాసి పంపడం తప్పని గట్టిగా చెప్పదలచుకున్నాను.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేదాన్ని ముందు దగ్గర్నుంచి చూద్దాం. రాత్రి రెండున్నరకీ మూడింటికీ మధ్య ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వస్తుంది. చప్పుడేమీ లేదు. గుండె దడదడలాడుతుంటుంది. రొమ్ము నడుమ నుంచి సెగ బయల్దేరి మెడ మీదుగా చెవుల దాకా, మొహం మీదికి ఎక్కుతుంది. మెడ వెనక జుట్టు కుదుళ్ళు తడుస్తాయి, నైటీ వీపుకి అతుక్కుంటుంది. దుప్పటి తన్నేసి, లేచి ఫ్యాను ఐదులో పెడుతుంది. రెండు మూడు నిమిషాలకి సెగ దిగిపోతుంది. ఇప్పుడు తడి ఒంటికి గాలి తగిలి వణుకు పుడుతుంది, మళ్ళీ దుప్పటి కావాలి. పక్కనున్న మనిషికి ఇదేదీ తెలియదు. ఈ సెగనే ఆవిరి (హాట్ ఫ్లాష్) అంటారు. అది ఉన్నదంతా కలిపి ఐదు నిమిషాల లోపే. దాని వెంట పోయిన నిద్ర గంటన్నర.

దీన్ని మన ఇళ్ళలో "వేడి చేసింది" అంటారు. సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ కాస్తారు, ఆవకాయ మానమంటారు. మజ్జిగ తాగితే హాయిగానే ఉంటుంది, వద్దనను. కానీ ఈ వేడి తిన్నదాంట్లోంచి వచ్చింది కాదు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడికి కాపలా కాసే ఏర్పాటు ఉంది. లోపలి వేడి ఒక గీత దాటితే చెమట పట్టిస్తుంది, ఇంకో గీత కిందికి దిగితే వణుకు పుట్టిస్తుంది. ఆవిర్లు లేని ఆడవాళ్ళలో ఈ రెండు గీతల మధ్య దూరం సుమారు 0.4 డిగ్రీల సెల్సియస్. ఆవిర్లు వచ్చేవాళ్ళలో అది దాదాపు సున్నాకి కుంచించుకుపోతుందని కొలిచి చూశారు. అంటే రాత్రి సహజంగా జరిగే చిన్నపాటి హెచ్చుతగ్గు కూడా గీత దాటేస్తుంది. ఆ గీతల్ని కలిపేసేది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ లోటు. ఈస్ట్రోజెన్ అదుపులో ఉండాల్సిన కొన్ని నాడీకణాలు అది తగ్గగానే ఉబ్బి, న్యూరోకైనిన్-బి అనే రసాయనాన్ని ఎక్కువగా వదిలి, పక్కనున్న ఉష్ణకేంద్రాన్ని రెచ్చగొడతాయి. ఈ సంగతి తేలాకే దాన్ని అడ్డుకునే కొత్త మందులు వచ్చాయి. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ఈస్ట్రోజెన్ గురించి అందరూ మాట్లాడతారు. ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ సంగతి ఎవరూ ఎత్తరు, నిద్ర విషయంలో ముందుగా తగ్గేది అదే. అండం విడుదలైన నెలలోనే ప్రొజెస్టరాన్ బాగా తయారవుతుంది. నలభైల్లో అండం విడుదల కాని నెలలు పెరుగుతాయి, ముట్టు మాత్రం వస్తూనే ఉంటుంది. ప్రొజెస్టరాన్ ఒంట్లో విరిగి అలోప్రెగ్ననలోన్ అనే పదార్థం అవుతుంది. అది మెదడులో నిద్రమాత్రలు పనిచేసే గాబా గ్రాహకం మీదే పనిచేస్తుంది. మన ఒంట్లో పుట్టే జోలపాట అన్నమాట. అది తగ్గిన నెలల్లో ఆవిర్లేమీ లేకపోయినా నిద్ర పలచబడుతుంది, గిన్నె చప్పుడుకే మెలకువ వస్తుంది, ముట్టుకు ముందు నాలుగైదు రోజులు మరీ. "నాకింకా నెలనెలా వస్తోంది కదా, అదెందుకవుతుంది" అనుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు.

పాశ్చాత్య దేశాల్లో ముట్లుడిగే సగటు వయసు 51. మన దేశంలో 46, 47. దానికి ముందు నాలుగైదేళ్ళు ఈ ఊగిసలాట నడుస్తుంది. అంటే మనవాళ్ళకి 41, 42 నుంచే మొదలవడం మామూలు. మొదలైందని తెలిసే గుర్తు క్యాలెండర్లోనే ఉంది. వరస ముట్ల మధ్య ఎడం 7 రోజులో అంతకన్నా ఎక్కువో తేడా రావడం, అది ఒకసారితో ఆగకుండా మళ్ళీ మళ్ళీ జరగడం తొలి దశ. 60 రోజులు దాటి రాకపోవడం మలి దశ. 12 నెలలు పూర్తిగా రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. 45 దాటిన మనిషికి ఈ గుర్తులుంటే ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పురికొల్పే హార్మోన్) రక్తపరీక్షతో పనిలేదు. ఈ దశలో ఆ అంకె వారం వారం మారుతుంది. ఇవాళ "నార్మల్" వచ్చినంత మాత్రాన ఏమీ లేదని కాదు. ఆ డబ్బు కింద చెప్పబోయే పరీక్షలకి పెట్టుకోవడం మేలు. 40 లోపు ఆగిపోతే మాత్రం ఎఫ్‌ఎస్‌హెచ్ తప్పకుండా చేయించాలి, అది వేరే కథ.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం మాట్లాడుతూ గర్భసంచి ఆపరేషన్ గురించి మాట్లాడకపోతే అన్యాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 8 దాటారు. వాళ్ళలో చాలామందికి ఆ ఆపరేషన్ ముప్పైల్లోనే అయిపోయింది. తెల్లబట్టకో, నడుంనొప్పికో, "ముందుముందు క్యాన్సర్ వస్తుంది" అన్న భయానికో తీయించుకున్నవాళ్ళు ఊరూరా కనిపిస్తారు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చిందంటే సమస్య ఎంతదో చూడండి.

ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్లు ఏళ్ళ తరబడి దిగవు, ఒకట్రెండు రోజుల్లో పడిపోతాయి. ఆవిర్లూ నిద్రలేమీ అంతే ఉద్ధృతంగా వస్తాయి. అండాశయాలు ఉంచినా అవి అలిసిపోయే రోజు మామూలుకన్నా ఒకట్రెండేళ్ళు, కొందరిలో మూడు నాలుగేళ్ళు ముందే వస్తుంది. పైగా వీళ్ళకి ముట్టు రాదు కాబట్టి క్యాలెండర్ చెప్పే గుర్తే లేదు. 41 ఏళ్ళకి రాత్రి చెమటలతో లేస్తుంటే ఆవిడకీ, ఇంట్లోవాళ్ళకీ, ఒక్కోసారి డాక్టరుకీ ఇది హార్మోన్ల పని అన్న ఆలోచనే రాదు.

అందుకని గర్భసంచి తీయించుకున్న ప్రతి ఆవిడా చేయాల్సిన పని ఒకటుంది. బీరువాలో ఆనాటి డిశ్చార్జి కాగితం తీసి, ఆపరేషన్ పేరు రాసిన చోట "బీఎస్ఓ" అన్న మూడక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. అలాంటివాళ్ళకి, 45 లోపే అది జరిగి ఉంటే, నిద్ర కోసమే కాదు, ఎముకల కోసం, గుండె కోసం కూడా, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా, అంటే 50 ప్రాంతం దాకా, హార్మోన్ ఇవ్వడమే సరైన వైద్యం. ఈ మాట చెప్పకుండా కుట్లు విప్పి ఇంటికి పంపేయడం నా దృష్టిలో సగం వైద్యమే. కాగితం పోయి ఉంటే పొత్తికడుపు స్కానింగ్‌లో అండాశయాలున్నాయో లేదో చాలావరకు తెలుస్తుంది.

ఇక హార్మోన్ల మీదే నెట్టేయకూడని కారణాలు. వీటిని ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టకుండా ముందుకు వెళ్ళకూడదు.

గురక మొదటిది. ప్రొజెస్టరాన్ ఊపిరిని పురికొల్పే హార్మోన్ కూడా. అది తగ్గి, మెడ చుట్టూ కొవ్వు చేరేసరికి నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు, స్లీప్ ఆప్నియా, ఈ వయసు ఆడవాళ్ళలో రెండు మూడింతలవుతుంది. మగవాళ్ళలా ఇల్లు దద్దరిల్లే గురక ఉండక్కర్లేదు. ఆడవాళ్ళు తరచూ చెప్పేది "నిద్ర పట్టదు, పొద్దున లేస్తే తలనొప్పి, నోరెండిపోయి ఉంటుంది, పగలంతా ఒళ్ళు తూలుతుంది" అని. లావుగా లేకపోయినా మన జాతి దవడ, గొంతు నిర్మాణానికి ఇది వస్తుంది. బీపీ మూడు మాత్రలు వేసినా దిగకపోతే మరీ అనుమానించాలి. అల్‌ప్రాజోలం లాంటివి గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, ఆగిన ఊపిరికి మెదడు లేపే వేగాన్ని తగ్గిస్తాయి. మందు విషమయ్యే సందర్భాలున్నాయన్నది ఇందుకే. పక్కన పడుకునేవాళ్ళు ఫోన్లో పది నిమిషాలు చప్పుడు రికార్డు చేసి డాక్టరుకి వినిపిస్తే చాలు, పరీక్ష అవసరమో కాదో తేలుతుంది. ఇంట్లోనే వేలికీ ముక్కుకీ తగిలించుకుని పడుకునే పరీక్ష ఉంది. గంటకి ఊపిరి తగ్గిన సార్లు 5 దాటితే జబ్బు ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

రెండోది కాళ్ళు. పడుకోగానే పిక్కల్లో చీమలు పాకినట్టు, లోపల గుంజినట్టు, కదిలిస్తేనే ప్రాణానికి హాయి. సాయంత్రమయ్యేకొద్దీ ఎక్కువవుతుంది. ఇది నరాల బలహీనత కాదు, చాలామందిలో ఇనుము లోటు. ముట్లు ఆగే ముందు ఏళ్ళలో గడ్డలు గడ్డలుగా రక్తం పోవడం సాధారణం. అదే 2019-21 సర్వేలో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. ఇక్కడ హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూడాలి. ల్యాబ్ కాగితం మీద 20 ఉన్నా "నార్మల్" అనే ఉంటుంది. కాళ్ళ గుంజుడు ఉన్నవాళ్ళకి 75 లోపు ఉంటే ఇనుము ఇవ్వాలి. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, ఖాళీ కడుపున, నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర దానికి రెండు గంటలు ఎడంగా ఉండాలి. పొద్దున్నే కాఫీతో కలిపి మింగి "ఆర్నెల్లు వాడినా పెరగలేదు" అనేవాళ్ళు చాలామంది. ఇంకో మాట. నిద్ర వస్తుందని జలుబు మాత్రలు, దురద మాత్రలు వేసుకునే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. మత్తు తెచ్చే ఆ మాత్రలు కాళ్ళ గుంజుడిని ఎక్కువ చేస్తాయి.

చక్కెర జబ్బు ఉండి ఇన్సులిన్‌గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడుతున్నవాళ్ళకి తెల్లవారుజామున చెమట పడితే దాన్ని ఆవిరి అనుకోవద్దు. ఆ క్షణంలో గ్లూకోమీటర్‌తో చూడండి. 70 లోపు ఉంటే అది షుగర్ పడిపోవడం. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్ళీ చూసి, మర్నాడు మందు మోతాదు మార్పించుకోవాలి. ఇది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

మిగిలినవి త్వరగా చెప్తాను. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా, తక్కువకి వేసుకునే మాత్ర మోతాదు మించినా, దడ, చెమట, నిద్రలేమి అచ్చం ఇలాగే ఉంటాయి. నీరు తోడే బీపీ మాత్ర రాత్రి వేసుకుంటుంటే పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి. మూత్రానికి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తూ, అక్కడ మంట, పొడిదనం కూడా ఉంటే, యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము తక్కువ మోతాదులో బాగా పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్ళేది అత్యల్పం. సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడంతో పాటు రాత్రి చెమటలుంటే కఫం పరీక్ష చేయించాలి, టీబీ మన దగ్గర పోలేదు. నాలుగింటికే మెలకువ వచ్చి, దేని మీదా ఆసక్తి లేక, బతుకు భారమనిపిస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. ఈ దశలో దాని ముప్పు పెరుగుతుంది. టెలీ మానస్ 14416 కి ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు పడవు.

ఇవన్నీ తేల్చడానికి ఖరీదైన వస్తువేమీ అక్కర్లేదు. వంటింట్లో పాల ప్యాకెట్ల లెక్క రాసే తెలుగు క్యాలెండర్ ఉంది కదా, దాని గడులు చాలు. రెండు వారాలు, పొద్దున లేవగానే, నిన్నటి గడిలో మూడు అంకెలు రాయండి. పక్క ఎక్కిన టైము, పక్క దిగిన టైము, నిద్రపోయానని అనిపించిన గంటలు. రాత్రి గడియారం చూడొద్దు, అంచనా చాలు. పక్కన అక్షరాలు వేయండి. చెమటతో లేస్తే "చె", మూత్రానికైతే "మూ", కాళ్ళ గుంజుడైతే "కా", గురక విన్నామని ఎవరైనా చెప్తే "గు". ముట్టు వచ్చిన రోజు చుక్క. రెండు వారాల తర్వాత ఆ కాగితం చూస్తే జవాబు సగం అక్కడే ఉంటుంది. "చె"లు నిండుగా ఉంటే ఆవిర్ల వైద్యం. "గు" ఉంటే ఊపిరి పరీక్ష. అక్షరాలేమీ లేకుండా అంకెలే బాగా లేకపోతే, మొదట ఆవిరో దిగులో లేపిన నిద్ర ఇప్పుడు అలవాటుగా చెడిపోయిందని అర్థం. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

చెడిన అలవాటుకి మాత్రకన్నా బాగా పనిచేసేది నిద్రను కుదించే పద్ధతి. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో ఇది నడిమి భాగం. దీర్ఘకాల నిద్రలేమికి మొదట ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. అదే ఏడు వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో, ఆవిర్లున్న 106 మంది ఆడవాళ్ళలో సగం మందికి ఎనిమిది వారాల్లో ఆరుసార్లు, ఒక్కోసారి అరగంట లోపు, ఫోన్‌లోనే దీన్ని నేర్పారు. నిద్రలేమి తీవ్రత కొలమానం వాళ్ళలో 9.9 పాయింట్లు తగ్గింది. ముట్లుడగడం గురించి అవగాహన మాటలు మాత్రమే చెప్పిన రెండో సగంలో 4.7. ఆవిర్లు ఉండగానే నిద్ర బాగుపడిందన్నది ఇందులో నాకు ముఖ్యమనిపించే సంగతి.

లెక్క ఇలా. క్యాలెండర్ ప్రకారం మీరు 9:45కి పక్క ఎక్కి 5:15కి దిగుతున్నారు, అంటే ఏడున్నర గంటలు. నిద్రపోయేది సగటున 5 గంటలు. మంచం మీద గడిపిన టైములో నిద్ర 67 శాతం. మిగతా రెండున్నర గంటలు పొర్లడమే, మంచమంటే మెలకువ అని ఒంటికి నేర్పడమే. ఇప్పుడు నిద్రపోయే గంటలకి అరగంట కలపండి, ఐదున్నర. లేచే టైము 5:15 కదపకుండా వెనక్కి లెక్కేస్తే పక్క ఎక్కాల్సింది 11:45కి. అంతకు ముందు ఎంత నిద్రొచ్చినా ఎక్కకూడదు. సోఫాలో కునుకు కూడా కునుకే. వారం తర్వాత మంచం మీది టైములో 85 శాతం, అంటే సుమారు 4 గంటల 40 నిమిషాలు నిద్ర పడుతుంటే, పక్క ఎక్కే టైము 15 నిమిషాలు ముందుకి, అంటే 11:30కి, జరపండి. 80-85 మధ్య ఉంటే ఇంకో వారం అలాగే ఉంచండి. ఎట్టి పరిస్థితిలో ఐదున్నర గంటలకన్నా తగ్గించవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

మధ్యలో మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే లేచి వేరే చోట మసక దీపంలో కూర్చోవాలి. ఫోన్ కాదు. చిక్కుడుకాయలు ఈనె తీసుకున్నా సరే, దేవుడి పుస్తకం చదువుకున్నా సరే. కళ్ళు వాలినప్పుడే మళ్ళీ పక్క.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటి పది రోజులు పగలు ఇప్పటికన్నా ఘోరంగా ఉంటుంది. అక్కడే ఎక్కువమంది మానేస్తారు, అది పనిచేయడం మొదలుపెట్టిన గుర్తని తెలియక. రెండో తప్పు ఆదివారం ఏడింటి దాకా పడుకోవడం, దాంతో వారమంతా చేసింది కొట్టుకుపోతుంది. మూడోది మధ్యాహ్నం భోజనం తర్వాత గంట నడుం వాల్చడం. నాలుగోది సాయంత్రం టీ. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, ఐదింటి ఫిల్టర్ కాఫీ పదింటికి సగం మిగిలే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్ళు, బండి నడిపే ఉద్యోగం చేసేవాళ్ళు డాక్టరు కనిపెట్టి ఉండకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి అమెరికా మాజీ సైనికుల శాఖ తయారుచేసిన ఇన్‌సోమ్నియా కోచ్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, లెక్కలు అదే వేస్తుంది.

"చె"లు ఎక్కువున్నవాళ్ళకి హార్మోన్ వైద్యం గురించి ఉన్న భయం చాలావరకు 2002 నాటిది. ఆ ఏడు అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరిశీలనను మధ్యలో ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ పెరిగిందని పత్రికల్లో పతాక శీర్షికలు వచ్చాయి. పెరిగిన మాట నిజమే. 10,000 మంది ఏడాది వాడితే 8 కేసులు ఎక్కువ. కానీ అందులోని ఆడవాళ్ళ సగటు వయసు 63. ఇచ్చినవి గుర్రపు మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, కృత్రిమ ప్రొజెస్టిన్. గర్భసంచి లేనివాళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన విభాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. 60 లోపు వయసులో, లేదా ముట్లు ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు లాభమే ఎక్కువని ఇవాళ వైద్యసంఘాల మాట. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల కాగితం మీద నల్ల పెట్టెలో వేసే తీవ్ర హెచ్చరికల్లో చాలావాటిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. భయంతో ఇరవై ఏళ్ళు ఒక తరం ఆడవాళ్ళని చెమటల్లో వదిలేశారన్నది నా బాధ.

వాడే తీరు ఇది. చర్మం మీద రాసే ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రకన్నా తక్కువ. పొడి చర్మం మీద, భుజానికో తొడకో రాసుకుని, ఆరాకే బట్ట వేసుకోవాలి, గంట దాకా కడగకూడదు, రొమ్ముల మీద రాయకూడదు, ఆరేలోపు పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు. గర్భసంచి ఉన్నవాళ్ళకి లోపలి పొర పెరిగి క్యాన్సర్ కాకుండా ప్రొజెస్టరాన్ కలిపి తీరాలి. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ రోజూ 100 మిల్లీగ్రాములు, లేదా నెలకి 12 నుంచి 14 రాత్రులు 200. పడుకునే ముందే వేసుకోవాలి, మత్తు తెస్తుంది. జోలపాట అన్నాను కదా, దాన్ని తిరిగి ఇవ్వడమే ఇది. మందుల షాపులో "ఇది కడుపుతో ఉన్నవాళ్ళకి కదా" అంటారు. మన దగ్గర ఎక్కువగా వాడేది వాళ్ళకే కాబట్టి అలా అంటారు, కంగారు పడొద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డకట్టినవాళ్ళు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళు ఇది మొదలుపెట్టకూడదు. ఏడాది ఆగిన ముట్టు మళ్ళీ ఒక్క చుక్క కనిపించినా ముందు పరీక్ష.

హార్మోన్ కుదరనివాళ్ళకి రాత్రి గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు చెమటలకీ నిద్రకీ రెండిటికీ పనిచేస్తుంది, మొదటి వారం తల తిరుగుతుంది కాబట్టి 100తో మొదలుపెట్టడం మంచిది. వెన్లాఫాక్సిన్ అనే డిప్రెషన్ మందు పగటిపూట ఆవిర్లకి బాగుంటుంది, బీపీ చూసుకోవాలి, ఉన్నట్టుండి ఆపకూడదు. రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడేవాళ్ళకి మాత్రం ఆ కోవలోదే అయిన పరాక్సెటిన్ ఇవ్వకూడదు, అది టామాక్సిఫెన్ పనిని దెబ్బతీస్తుంది. న్యూరోకైనిన్‌ని అడ్డుకునే ఫెజోలినెటాంట్‌కి అమెరికాలో 2023 మేలో అనుమతి వచ్చింది. లివర్ పరీక్షలు వరసగా చేయించుకుంటూ వాడాలి. సోయా, ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ నూనె, బ్లాక్ కోహోష్‌లకి డబ్బు పెట్టొద్దు, ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో వీటిని ఆవిర్లకి సిఫారసు చేయలేమని తేల్చింది. యోగా ఆవిర్లను తగ్గిస్తుందన్న రుజువు కూడా చాలదు, మనసుకీ ఒంటికీ మంచిది కాబట్టి చేయండి.

ఇప్పటికే అల్‌ప్రాజోలం అలవాటైనవాళ్ళకి ఒక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి రేపు రాత్రి ఆపేయొద్దు. నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారి ఆపితే వణుకు, భ్రమలు, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో ఇదే మందు కలిపిన కల్తీ కల్లు దొరకని రోజుల్లో జనం ఆసుపత్రుల పాలైంది ఇందుకే. పొలం పని నుంచి వస్తూ రోజూ కల్లు తాగే అమ్మకో అత్తకో నిద్ర సమస్య చూస్తుంటే, ఆ సంగతి డాక్టరుకి చెప్పకుండా దాచొద్దు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున, డాక్టరు చేతుల మీదుగా తగ్గించుకోవాలి. నిద్ర కుదింపు పద్ధతిని పక్కనే నడిపిస్తే తగ్గించడం తేలికవుతుంది.

చివరిగా ఇంటి సంగతి. పై లెక్కంతా ఆ ఐదున్నర గంటలు ఎవరూ లేపరన్న నమ్మకం మీద నడుస్తుంది. మునిసిపల్ నీళ్ళు నాలుగింటికి వచ్చే ఊళ్ళో, రాత్రి రెండింటికి మందు వేయాల్సిన పెద్దవాళ్ళున్న ఇంట్లో, ఆ పని ఆవిడదే అయితే ఏ పద్ధతీ పారదు. ఈ ఆరు నుంచి ఎనిమిది వారాలు నీళ్ళ రోజు మోటారు స్విచ్ ఎవరు వేస్తారో, రెండింటి మందు ఎవరు ఇస్తారో ముందే మాట్లాడుకుని, అదే క్యాలెండర్లో ఆ గడిలో వాళ్ళ పేరు రాసి పెట్టండి.